దొరకుక్క మెడలోని తోలుపట్టా

ఆ కుక్కకు పిచ్చి లేదు. ఇన్నేళ్ళయినా ఈ మాట గట్టిగా అరిచి చెప్పాలనే ఉంటుంది నాకు. పిచ్చి ఉన్నదల్లా మా మామకు, దొరల వస్తువుల మీద.

నేను నందికొట్కూరు దగ్గరి పల్లెకు కోడలిగా వచ్చి అప్పటికి మూడేళ్ళు. దేశానికి స్వరాజ్యం ఇంకా రాలేదు. కొర్రలు, జొన్నలు పండే కొద్దిపాటి మెట్ట, ఒక బండి, రెండు ఎడ్లు, అదీ మా సంసారం. మామ చర్చిలో పెద్ద. ఆత్మకూరు అడవి వైపు క్యాంపులకు వచ్చే ఒక తెల్లదొర సామాన్లు మా బండిలోనే తోలేవాడు. ఆ దొర బదిలీ మీద పోతూ బట్లరు చేత మామకు ఒక కుక్కపిల్లను ఇప్పించాడు. గోధుమరంగు పిల్ల. ఒళ్ళంతా పొడుగాటి జుట్టు, వేలాడే చెవులు. మెడలో నల్లటి తోలుపట్టా, దానికి ఒక ఇత్తడి బిళ్ళ, బిళ్ళ మీద ఇంగ్లీషు అక్షరాలు. అవేమిటో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అయినా మామ ఆ బిళ్ళను చింతపండుతో తోమించేవాడు. తోమేది నేనే.

ఇంటికి ఎవరొచ్చినా ఆయన మొదట చేసే పని ఆ పట్టా పట్టుకుని పిల్లను ముందుకు లాగడం. "సూడప్పా, ఇది దొర సొంత చేత్తో కట్టినాడు" అనేవాడు. పిల్ల దగ్గుతూ వచ్చి నిలబడేది. ఊళ్ళో దాన్ని దొరకుక్క అనేవాళ్ళు.

పిల్ల పెరుగుతుంది కదా. తోలు పెరగదు. ఈ సంగతి చెప్పడానికి చదువు అక్కర్లేదు. నాలుగు నెలలు గడిచాక నేను ఒకసారి అన్నాను. "మామా, పట్టా బిగుతైతాండాదేమో. ఒక్క రంధ్రం వదులు చేద్దాం."

"దొరకు తెలీంది నీకు తెల్సునా?" అన్నాడు.

నా మొగుడు అక్కడే పలుగు నూరుకుంటూనే ఉన్నాడు.

ఎండాకాలం వచ్చింది. కర్నూలు ఎండలో బండలే పగులుతాయి, ఆ జుట్టుతో అదెట్లా బతుకుతుంది? గొర్రెల కత్తెరతో జుట్టు తీసేద్దామన్నాను. "తీస్తే మన ఊరకుక్క మాదిరి అయిపోతాది, దాన్ని ముట్టుకోవాకు" అన్నాడు మామ. ఆ జుట్టు అట్లాగే ఉండిపోయింది. దాని కింద ఏం జరుగుతున్నదో ఎవరమూ చూడలేదు.

ఎవరమూ అన్నప్పుడు నన్ను నేను తప్పించుకోవడం లేదు. రోజూ దానికి తిండి పెట్టింది నేనే. రొట్టె ముక్క వదిలేసి సంగటి నీళ్ళు మాత్రమే నాకడం చూశాను. మాటిమాటికీ తల విదిలించడం, వెనక కాలితో మెడ గోక్కోబోయి కుయ్యిమని ఆగిపోవడం చూశాను. పశువుల కొట్టం మూలన చీకట్లో పడుకోవడం మొదలుపెట్టింది. ఏదో కుళ్ళిన వాసన. అత్త ఎలుక చచ్చిందన్నది, నేను గాదె కింద వెతికాను! దాని మెడ చుట్టూ ఈగలు ముసురుతుంటే కొంగుతో తోలాను. ఈగలు ఎందుకు వచ్చాయని వంగి చూడలేదు. ఆ కోపం నా మీద నాకు ఇంకా ఉంది.

ఒక ఆదివారం చర్చి అయ్యాక మామ వేరే ఊరి పెద్దమనిషి ఒకాయనను వెంటపెట్టుకొచ్చాడు. అలవాటుగా కొట్టంలోకి పోయి, జుట్టులో చెయ్యి పెట్టి పట్టా పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. కుక్క అరిచిన అరుపు నేను అంతకు ముందు వినలేదు. తిరిగి ఆయన మణికట్టు కరిచేసింది.

మామ బయటికి పరిగెత్తి తలుపు గొళ్ళెం పెట్టాడు. "ఎవురూ దగ్గరికి పోవాకండి! పిచ్చెక్కింది దానికి!"

నిమిషంలో వాకిలి నిండిపోయింది. నోట్లో చొంగ కారుతున్నదని ఒకరు, మూడు దినాలుగా నీళ్ళు తాగలేదని ఒకరు. అత్త కారప్పొడి తెచ్చి గాయం మీద చల్లబోయింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, సబ్బు పెట్టి చెంబుల కొద్దీ నీళ్ళు పోసి కడిగాను. అంతలో ఎవరో తలారిని పిలుచుకొచ్చారు. అతని చేతిలో తుమ్మ దుడ్డుకర్ర.

నేను కొట్టం తలుపుకు అడ్డంగా నిలబడ్డాను. కోడలు అట్లా మగవాళ్ళ ముందు నిలబడడం మా ఇంట్లో అదే మొదలు.

"పక్కకు తప్పుకో" అన్నాడు మామ.

"తప్పుకోను. దాన్ని సంపితే పిచ్చిదో కాదో తెలిసేదెట్ల మామా? మా పుట్టింటి ఊళ్ళో ఒకాయనకు కుక్క కరిస్తే డాక్టరు చెప్పినాడు, కరిసిన కుక్కను కట్టేసి పది దినాలు సూడమని. పిచ్చిదైతే ఆలోగా సస్తాది. నువ్వు మాత్రం ఈ పొద్దే కర్నూలు పెద్దాసుపత్రికి పోవాల. పొట్టలో సూదులు ఏస్తారు, దినానికొకటి."

సూది అనేసరికి ఆయన మొహం మారిపోయింది. "సూదులెందుకు? అంత పిచ్చి ఉన్నట్టు లేదులే" అన్నాడు.

ఒక క్షణం ముందు చంపించబోయిన మనిషి! ఆ మాటకు తలారి కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

అప్పుడు నా మొగుడు బయటికి వెళ్ళాడు. ఎడ్లకు లాడాలు కొట్టే సాయిబును వెంటబెట్టుకుని వచ్చాడు. గుర్రాల పుండ్లు, ఎడ్ల గిట్టలు చూడడంలో ఆయనది మంచి చెయ్యి. సాయిబు తలుపు సందులోంచి చాలాసేపు చూశాడు.

"నీళ్ళు పెట్టినారా?"

"చట్టిలో పెట్టినా, తాగలేదు."

"కింద పెడితే ఎట్ల తాగుతాది? ఎత్తులో పెట్టు."

తలుపు ఓరగా తీసి, లోపల పక్కనే ఉన్న రోటి మీద నీళ్ళ చట్టి పెట్టాం. కుక్క లేచి వచ్చింది. మెడ వంచకుండా, నోటి ఎత్తున ఉన్న ఆ నీళ్ళను గటగటా తాగేసింది. దప్పికతో మాడిపోతున్నదది. మెడ వంగక తాగలేకపోయింది, అంతే.

"తాగినంత మాత్రాన పిచ్చి లేదని నమ్మేకి లేదమ్మా, పది దినాలు సూడాల్సిందే" అన్నాడు సాయిబు. "కానీ ఈ వాసన సూడు. పిచ్చికి వాసన రాదు. ఇది పుండు."

సాయిబూ నా మొగుడూ చేతులకు గోనెపట్టలు చుట్టుకుని, తాడుతో దాన్ని గుంజకు బిగించి, మూతికి గుడ్డ కట్టారు. సాయిబు మెడ మీది జుట్టు కత్తిరించాడు. పట్టా కనపడలేదు. మాంసం దాని మీదికి పెరిగి మూసేసింది. గొంతు కింద ఇత్తడి బిళ్ళ ఒక్కటే బయటికి తేలి ఉంది. చుట్టూ చీము, లోపల మెదులుతున్న పురుగులు. నేను వేపాకు కాయడానికి పొయ్యి దగ్గరికి పరిగెత్తాను.

సాయిబు లాడాలు ఊడదీసే పట్టుకారుతో తోలును ముక్కలు ముక్కలుగా తెంపి లాగాడు. వేపాకు కాచిన నీళ్ళతో కడిగి, పురుగులు ఏరి, సీతాఫలం ఆకు నూరి పెట్టాడు. పెదవి ఎత్తి నాకు చూపించాడు. "చిగుళ్ళు సూడు, సున్నం మాదిరి ఉండాయి. చెవుల్లో పిడుదులు సూడు. రగతమంతా ఇవే తాగినాయి." చెవి లోపల శనగగింజలు అతికించినట్టు పిడుదులు. చివరకు మామ వైపు తిరిగాడు.

"పెద్దాయనా, మెడకు ఏం కట్టినా కింద రెండు వేళ్ళు దూరాల. వారానికొకసారి ఏలు పెట్టి సూడాల. ఇదేమంత పెద్ద విద్దె?"

సాయిబు, బడిపంతులు, చివరకు తలారి కూడా మామను ఆసుపత్రికి పొమ్మని చెప్పారు. ఆయన పోలేదు. పది దినాలు ఇంట్లో ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నది మేము. కుక్క చావలేదు, ఆయనకూ ఏం కాలేదు. అదృష్టం బాగుండి బతికాడు తప్ప తెలివితో కాదు. ఎవరూ అట్లా చేయకూడదు.

నెలన్నరకు పుండు మానింది. అది రొట్టె తిన్న రోజు నేను కొట్టంలో కూర్చుని ఏడ్చాను. ఆ వారమే మామ చర్చిలో లేచి, తన ఉపవాస ప్రార్థన వల్ల మూగజీవం బతికిందని సాక్ష్యం చెప్పాడు. అందరూ ఆమెన్ అన్నారు. నేను అనలేదు. ఇంటికి వచ్చాక అత్త అడిగింది, "ఎందుకు నోరు మూసుకున్యావు?" అని. "నోరు తెరిస్తే ఏమొస్తాదో నాకే తెలీదు" అన్నాను.

మెడ చుట్టూ మళ్ళీ జుట్టు మొలవలేదు. నున్నటి ఎర్రటి గాటు అట్లాగే మిగిలింది. వచ్చినవాళ్ళకు చూపించడానికి పనికిరాదు కాబట్టి మామ దాని ముఖం చూడడం మానేశాడు. బతికిన మరి కొన్నేళ్ళూ అది నా వెనకే తిరిగింది. ప్రతి ఎండాకాలం నేనే దాని జుట్టు తీశాను. ఎవరినీ అడగలేదు.

అప్పటినుంచి శనివారం శనివారం ఇంట్లో జీవాలన్నిటినీ తడిమి చూడడం పనిగా పెట్టుకున్నాను. చిగుళ్ళు, చెవులు, వేళ్ళ సందులు. పిల్లి అన్నం మానేసి రెండు పూటలు మూలన ముడుచుకుంటే అలిగిందని ఊరుకోను, పట్టుకుని నోరు తెరిచి చూస్తాను. మా పిల్లికి ఒకసారి పంటి సందున చేపముల్లు దిగి చీము పట్టింది. అట్లా చూశాను కనుకనే దొరికింది.

ఊళ్ళో కుక్కల డాక్టరమ్మ అని నవ్వేవాళ్ళు. ఒకనాడు ఎదురింట్లో, బలిసిన పిల్లి మెడకు దిష్టి తగలకుండా కట్టిన నల్లతాడు ఊపిరాడనీయకుండా బిగిసి ఉండడం చూశాను. లోపలికి పోయి కొడవలితో తెంపేశాను. "మా ఇంటి తాడు తెంపేకి నువ్వెవరు?" అని ఆ ఇంటామె మీదికొచ్చింది. నేనూ తగ్గలేదు. వీధంతా గుమిగూడింది. ఆ తర్వాత వాళ్ళు నాతో మాటలు మానేశారు.

మానుకోనీ.