కత్తితో గీసినట్టు చీలిన మూల

గౌరీశ్వరికి జిప్సం గోడల పని నేర్పింది ఆమె అక్క మొగుడు నీలకంఠం. అచ్యుతాపురం ఫ్యాక్టరీలో షిఫ్టులు పడక ఆమె మానేసినప్పుడు, తన వెంట పనికి రమ్మన్నాడు. అతను ఇనుప చట్రం నిలబెట్టి బోర్డులు బిగిస్తాడు. ఆ బోర్డుల అతుకులు కనబడకుండా చేయడం ఆమె పని. రెండు గోడలు కలిసే లోపలి మూలలంటే ఆమెకు ప్రత్యేకమైన ఇష్టం. పేపరు టేపును నిలువునా మడిచి, పల్చటి పుట్టీ మీద అద్ది, ఒక పక్క ఆరాకే రెండో పక్క ముట్టుకునేది. చాలామంది రెండు పక్కలా ఒకేసారి లాగేసి మూలను గీరేస్తారు.

ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌కి గదులు చేస్తుండగా, తలుపు పక్కన, జిప్సం గోడ పాత గోడను కలిసే మూల చీలింది. పైనుంచి కిందికి తిన్నగా, కత్తితో గీసినట్టు ఉంది. ఆమె టేపు పీకేసి మళ్లీ వేసింది. మర్నాటికి మళ్లీ చీలింది. మేస్త్రి దేవీప్రసాద్ కేకలేమీ వేయలేదు కానీ, ఇంకొకసారి ఇలా అయితే మూలల పని వేరే వాళ్లకిస్తానని, ఆమె గరుకు కాగితంతో గోడలు రుద్దుకుంటే చాలని చెప్పాడు.

బోర్డులు కోసే కత్తి ఎప్పుడూ నీలకంఠం జేబులోనే ఉంటుంది. ఈ మధ్య మేస్త్రి ఆమె పనిని మెచ్చుకుంటే అతను వినీ విననట్టు పక్కకు తిరుగుతున్నాడు. ఆమె ఆ మూల సరిచేస్తున్నంతసేపూ వెనక నిలబడి, ఎంతసేపటికి ఆరుతుందని అడిగాడు. ఆ ప్రశ్న ఆమె మనసులో ముల్లులా దిగింది. ఆ సాయంత్రం అక్కకు ఫోన్ చేసి బావ ఎలా ఉంటున్నాడని అడిగింది. అన్నం కూడా సరిగ్గా తినడం లేదని అక్క చెప్పింది. ఇక గౌరీశ్వరికి అనుమానం బలపడింది.

మూడోసారి టేపు వేసిన మర్నాడు ఆమె అందరికంటే ముందే వెళ్లి, ఆ గదిలోనే ఓ పక్క పేర్చిన బోర్డుల చాటున కూర్చుంది. కాసేపటికి నీలకంఠం వచ్చాడు. అటూ ఇటూ చూసి నేరుగా ఆ మూల దగ్గరికే నడిచాడు. జేబు వైపు చెయ్యి పోతుందేమోనని ఆమె కళ్లార్పకుండా చూసింది. అతను అరచేత్తో మూలను తడిమాడంతే. అంతలో వరండా లోంచి గాలి కొట్టి తలుపు ధడాల్న మూసుకుంది. గోడ వణికింది. అతని చేతి కిందే టేపు చిన్నగా చిటపటమని చీలింది.

ముందే తెలిసినట్టు అతను ఉలిక్కిపడలేదు. అది చూసి ఆమె బయటికొచ్చింది.

"నువ్వు కోసీసినావనుకున్నాను బావా," అంది.

నీలకంఠం తల వంచుకున్నాడు.

"కొయ్యనేదు. ఈ పక్క చట్రాన్ని పాత గోడకి బిగించనేదు. డ్రిల్లు పెడితే లోపల కరెంటు పైపు తగిలింది. బయపడి వదిలీసినాను."

"మరి మేస్త్రి నన్నంటంటే ఊరుకున్నావేటి?"

"సెప్దారనే అనుకున్నాను గౌరీ. నోరు రానేదు."

"ఇయాల సెప్పు. సెప్పీదాకా నాను ఈ మూల ముట్టను."

ఆమె వేరే గదిలో పనికి పోయింది. మధ్యాహ్నం దాకా అతను మేస్త్రి చుట్టూ తిరిగి, చివరికి చెప్పేశాడు. దేవీప్రసాద్ అతన్ని గట్టిగానే చీవాట్లు పెట్టి, ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి పైపు ఎటు పోతుందో చూపించుకుని, చట్రాన్ని దానికి తగలకుండా పాత గోడకి బిగింపజేశాడు. గౌరీశ్వరి టేపు మళ్లీ వేసింది. తలుపు ఎంత గట్టిగా పడ్డా ఈసారి మూల కదల్లేదు. మేస్త్రి ఆ మూల చూసి తలూపాడు.

కోసింది బావ కాదని తెలిశాక ఆమె మనసు తేలికపడాలి. పడలేదు. కోసినవాణ్ని తిట్టేసి ఊరుకోవచ్చు, తెలిసీ నోరు మెదపని మనిషిని ఏం చేయాలో ఆమెకు తోచలేదు. ఆ కోచింగ్ సెంటర్ పని పూర్తయ్యాక వేరే పనివాళ్ల బ్యాచ్‌లో చేరింది. అక్కడ టేపు వేసే ముందు ప్రతి గోడనూ భుజంతో ఒకసారి నెట్టి చూస్తుంది. చట్రం పెట్టినవాళ్ల మనసుకు అది కష్టంగానే ఉంటుంది. వాళ్ల మొహాలు చూడకుండా పుట్టీ కలుపుకుంటుంది.