గిన్నెలో నీళ్ళ గీత

మా గిటార్ ఇంకొకరి గిటార్‌తో కలవదు. చుట్టాల పెళ్ళిళ్ళలో పాటల బృందం వాళ్ళు ఒకరిద్దరు దాన్ని చేతిలోకి తీసుకుని, శ్రుతి తప్పిందండీ అంటూ మరలు బిగించబోయేవారు. నేను వద్దని చెప్పి వెనక్కి తీసుకునేవాణ్ణి. అది తప్పిన శ్రుతి కాదు. మేము దించుకున్నది.

మాది నరసాపురంలో పాత్రల కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు. తాతగారు ఇత్తడి, కంచు అమ్మారు. నాన్నగారి రోజుల్లో స్టీలు వచ్చింది. ఏది కొన్నా దాని మీద పేరు కొట్టి ఇవ్వడం మా పని. గిన్నె తూకం వేశాక, "పేరేం కొట్టమంటారండీ?" అని అడుగుతాను. నా జీవితంలో అన్నిటికంటే ఎక్కువసార్లు అన్న మాట అదే అయ్యుంటుంది.

గిటార్ రాజమండ్రి హాస్టల్లో అబ్బింది. డిగ్రీ చదివేటప్పుడు నా గదిలో ఉన్నతను నేర్పాడు. చదువు అయిపోయాక తన పాత గిటార్ నాకే వదిలి వెళ్ళాడు. అక్కడ తీగలు శ్రుతి చేసే పని అతనిదే. ఇంటికి తెచ్చుకున్నాక దేనికి కలిపి బిగించాలో నాకు తెలియలేదు. అప్పట్లో నాన్నగారు కంచు సరుకు దిగితే ప్రతి గిన్నెనీ వేలి కణుపుతో కొట్టి చూసేవారు. సన్నని పగులున్నా చప్పుడు అక్కడే చచ్చిపోతుంది. ఒకరోజు అలా కొడుతుంటే ఒక గిన్నె ఎంతకీ ఆగకుండా మోగింది. దాన్ని అమ్మకుండా నాకివ్వమని అడిగాను. మూడో తీగని ఆ గిన్నెకి కలిపి, మిగిలినవాటిని ఆ తీగకి కలిపేవాణ్ణి. గిన్నె ఏ స్వరంలో మోగుతుందో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

నా భార్యది మొగల్తూరు. పెళ్ళయిన కొత్తలో ఒక మధ్యాహ్నం కొట్టు షట్టరు సగం దించి నేను వాయించుకుంటుంటే వచ్చి గంగాళం పక్కన పీట వేసుకుని కూర్చుంది. ఆ గంగాళం నాన్నగారు ఎవరో పెద్దింటి వాళ్ళు అడిగితే తెప్పించింది. వాళ్ళు తీసుకోలేదు. అంత పెద్ద ఇత్తడి గంగాళం తర్వాత ఎవరికీ అవసరం పడలేదు. మూతతో సహా వెనక గోడ దగ్గర అలాగే ఉంది.

వాళ్ళమ్మగారు మినుములు చెరుగుతూ పాడుకునే పాట ఒకటి ఆమె ఎత్తుకుంది. నిండుగా, కాస్త బరువుగా ఉండే గొంతు. పల్లవి బాగానే నడిచింది. చరణంలో ఒకచోట పాట పైకి వెళ్తుంది. అక్కడ ఆగిపోయింది.

"ఏవండీ, ఇది నాకు మరీ ఎత్తండి. తీగలు మీరు దించుతారా, నన్నే ఎక్కమంటారా?"

తీగలు గిన్నెకి కలిపి ఉన్నాయనీ, గిన్నెని దించడం ఎలాగనీ అన్నాను. ఆమె లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి గిన్నెలో పోసింది.

"ఇప్పుడు కొట్టి చూడండి."

గిన్నె శ్రుతి దిగింది. కుళాయి కింద పెట్టిన పాత్ర నిండేకొద్దీ చప్పుడు మారుతుందని వంటింట్లో ఉండేవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. పాత్రలు అమ్ముకునే నాకు మాత్రం తోచలేదు. గుమ్మంలో నిలబడి చూస్తున్న నాన్నగారు, "పాలల్లో నీళ్ళు కలిపేవాళ్ళని చూశాను గానీ అమ్మాయ్, పాటలో కలపడం ఇదే చూడ్డం," అన్నారు. ఆ మాట మా ఇంట్లో చాలా ఏళ్ళు తిరిగింది. ఆమె పాడదామనుకున్న రోజున, "ఏవండీ, నీళ్ళు కలుపుదామా?" అనేది.

గిన్నెలో సగం దాకా పోసినా పెద్ద తేడా తెలియదు. సగం దాటాక దిగడం మొదలవుతుంది. అంచు దగ్గరపడేకొద్దీ కాసిని నీళ్ళకే బాగా దిగుతుంది. ఆమె గొంతుకి సగం కంటే కొంచెం పైన సరిపోయేది. చాలా ఏళ్ళు అక్కడే ఉన్నాం. కొట్టు కట్టేసే మధ్యాహ్నపు వేళలు తప్ప మాకు వేరే సమయం లేదు. వినేవాళ్ళు కూడా లేరు. దొంతరలు పెట్టిన గిన్నెలు ఒక్కోసారి మాతో పాటు సన్నగా మోగేవి.

తర్వాత ఆమెకి ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది. ముందు మేడ మెట్ల దగ్గర ఆయాసపడింది. ఆ తర్వాత చరణం దగ్గర. డాక్టరు గారు పాడొద్దనలేదు, ఓపిక ఉన్నంతవరకు పాడుకోమన్నారు. మేము నీళ్ళు పెంచుతూ వచ్చాం. తీగలు దించుతూ వచ్చాను. మరీ దిగితే తీగ వదులై గిటార్ మెడ మీది మెట్లకి తగిలి జీరగా పలుకుతుంది. అందుకని రాజమండ్రి నుంచి లావు తీగలు తెప్పించి వేశాను. మునుపు నీళ్ళు ఆమే పోసేది. చివర్లో చెంబు ఎత్తలేక నాతో పోయించేది. పోస్తూ ఆమె మొహం చూసేవాణ్ణి. చాలు అనదు, చెయ్యి ఒకసారి కదిపేది, అంతే.

ఆ రోజుల్లోనే ఒకసారి ఆమె పాడుతుంటే వెనక ఏదో గిలగిల్లాడింది. చూస్తే గంగాళం మీది మూత. అన్నేళ్ళలో అది ఎప్పుడూ కదల్లేదు.

"దాని కింద ఏదన్నా పెట్టండి. నేను పాడుతుంటే నవ్వుతోంది," అంది.

ఆమె పాత వాయిల్ చీర నుంచి చేతెడు గుడ్డ చింపి, మడత పెట్టి మూత కిందకి తోశాను. మళ్ళీ మొదలుపెట్టాం. మూత ఊరుకుంది. పాట అయ్యాక ఆమె గంగాళం వైపు చూసి, ఇప్పుడు బుద్ధిగా వింటోంది అంది. ఆ చిన్న విషయం గురించి తర్వాత నేను ఆలోచించలేదు.

ఆమె పాట ఫోన్లో ఉంది. మా చెల్లెలి కూతురి పెళ్ళిలో పాడినది. అప్పటికి జబ్బు లేదు. చివరి రోజుల్లో ఒక మధ్యాహ్నం నేను ఫోన్ తీసి ఎదురుగా పెట్టబోతే ఆమె అరచెయ్యి అడ్డం పెట్టింది.

"ఈ గొంతు వద్దండి. బాగున్నప్పటిది ఉందిగా, అది ఉంచుకోండి."

నేను ఫోన్ లోపల పెట్టేశాను. బాగున్నప్పటి గొంతు అందరికీ తెలుసు. ఇది నేనొక్కణ్ణే విన్నాను. దానికి మిగిలిన ఆధారం ఒక్కటే. మా బోరు నీళ్ళు ఉప్పన. నీళ్ళు నిలవున్న చోట తెల్లగా గార కడతాయి. వాయించడం అయ్యాక గిన్నెలో నీళ్ళు పారబోసేవాళ్ళం కాదు, మర్నాటికి కూడా అవే ఉండేవి. చివరి నెలల్లో నీళ్ళు ఒక్క చోటే ఆగడంతో గిన్నె లోపల చుట్టూ ఒక తెల్లగీత పడింది.

ఆమె పోయిన మర్నాడు నేను గిటార్ తీగలన్నీ వదులు చేసి గోడకి తగిలించాను. వాడని గిటార్‌ని బిగించి ఉంచితే మెడ వంగుతుంది, అలవాటు కొద్దీ చేశాను. గిన్నెలో గీత ఉందిగా అనుకున్నాను కూడా.

పెద్దకర్మకి మా చెల్లెలు రెండ్రోజులు ముందే పాలకొల్లు నుంచి వచ్చింది. ఇంట్లో ఉన్న ప్రతి పాత్రా బయటికి తీసి చింతపండు పెట్టి తోమించింది, తనూ తోమింది. పాత్రల వ్యాపారం చేసే ఇంట్లో నల్లబడ్డ గిన్నె చుట్టాల కంట పడకూడదు. ఇది మాకు చిన్నప్పటి నుంచీ ఉన్న పట్టింపు. వాళ్ళందరూ వెళ్ళిపోయాక చాలా రోజులు నేను గిటార్ జోలికి పోలేదు. వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం కిందకి దించి, గిన్నె కోసం చూశాను. కొత్త సరుకులా మెరుస్తోంది. లోపల ఎక్కడా గీత లేదు.

చెల్లెలికి చెప్పలేదు. చెబితే ఏడుస్తుంది.

అప్పటి నుంచి మధ్యాహ్నాలు అదే పని. గుర్తున్నంతలో నీళ్ళు పోసి, గిన్నె కొట్టి, తీగలు కలిపి, పాట మొదలు వాయించి చూసేవాణ్ణి. మొదట కాదనిపించేది. కాసేపు వాయిస్తే ఇదేనేమో అనిపించేది. ఎక్కడ కలిపినా అంతే, కాసేపటికి చెవి దానికి అలవాటు పడుతుంది. అదే నన్ను భయపెట్టింది. ఇలా ఇంకొన్నాళ్ళు చేస్తే నాకు అనువైన చోట ఒక గొంతు తయారుచేసుకుని, ఆమెదేనని నమ్మేస్తాను. మేనకోడలు ఫోన్లో శ్రుతి చూపించే యాప్ వేసి ఇచ్చింది. తీగ మీటితే అది ఒక అక్షరం చూపిస్తుంది. మా పాట ఏ అక్షరం దగ్గర ఉండేదో నాకెప్పుడూ తెలియదు. ఇక ఆ యాప్‌తో ఏం చెయ్యను?

ఒకరోజు అలా కూర్చుని ఉండగా చెల్లెలు వచ్చింది. షట్టరు కింద నుంచి వంగి లోపలికి వస్తూనే, కాళ్ళ దగ్గర గిన్నె, నీళ్ళు, ఒళ్ళో గిటార్ చూసి ఏంటని అడిగింది. తప్పించుకోలేక చెప్పాను.

"వదిన ఉంటే ఆ గిన్నెని అలా గారతో ఉండనిచ్చేదా చెప్పు? అందుకే అన్నయ్యా, అన్నిటికంటే ముందు దాన్నే తోమాను."

నాకు తెలుసన్నాను. చెల్లెలు గిన్నె తీసుకుని లోపల వేలు పెట్టి, ఇక్కడా, ఇంకొంచెం పైనా అని తడుముకుంది. తర్వాత వేలు తీసేసింది.

"చేత్తో తోమాను గానీ కళ్ళతో చూశానా."

ఏడవలేదు. గంగాళం దగ్గరికి వెళ్ళి పీట లాక్కుంటూ, మూత కింద నుంచి వేలాడుతున్న గుడ్డ అంచు పట్టుకుంది. ఇది వదిన చీరదిలా ఉందే, ఇక్కడెందుకుంది అంది. వదిన పాడుతుంటే మూత నవ్వేదని, అందుకని పెట్టానని చెప్పాను. చెబుతూ చెబుతూ ఆగిపోయాను.

అన్నేళ్ళూ మోగని మూత ఆ చివరి రోజుల్లోనే ఎందుకు మోగింది? అంతకు ముందు నా గిటార్‌లో అంత కింది స్వరం లేదు. తీగలు అక్కడిదాకా దిగాకే దానికి కదలిక వచ్చింది.

గుడ్డ తియ్యమన్నాను. చెల్లెలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. నేను గిన్నెని పక్కకి జరిపి, అన్నిటికంటే లావు తీగని, చివరి రోజుల్లో ఉండేదని నేను అనుకుంటున్న చోటికి తెచ్చి మీటాను. గంగాళం ఊరుకుంది. కొంచెం దించాను. మళ్ళీ మీటాను. ఊరుకుంది. ఇంకా దించాను. నేను వెతుకుతూ వచ్చిన చోట్లన్నీ దాటిపోయాయి. ఇంత కింద ఉండదులే, మూత జరిగి ఉంటుంది, ఇక పలకదు అనుకుంటూనే మర ఇంకాస్త తిప్పాను. మూత సన్నగా కదిలింది. ఇంకొక్క పిసరు తిప్పి మీటితే ఆ రోజు మోగినట్టే గిలగిల మోగింది.

"ఇంత కిందా?" అంది చెల్లెలు.

నేను అవునన్నాను. నాకూ అప్పుడే తెలిసింది. నేను రోజూ పక్కనే కూర్చున్నాను, నీళ్ళు పోశాను, తీగలు దించాను. అయినా నా జ్ఞాపకంలో ఆమె గొంతుని ఉన్నచోటు కంటే పైనే ఉంచుకున్నాను. అందుకే ఇన్నాళ్ళూ దొరకలేదు. ఆమె నేను ఒప్పుకున్న దానికంటే చాలా కిందకి దిగి, అక్కడి నుంచి పాడింది.

మిగతా తీగలు దానికి కలిపాను. మూడో తీగ మీటుతూ, చెల్లెల్ని గిన్నెలో కొంచెం కొంచెంగా నీళ్ళు పొయ్యమన్నాను. ప్రతిసారీ గిన్నె కొట్టి విన్నాను. రెండూ ఒకటయ్యేసరికి నీళ్ళకీ అంచుకీ మధ్య వేలెడు ఖాళీ కూడా మిగల్లేదు. చెల్లెలు పాట ఎత్తుకోబోయింది. ఆమెది వదిన కంటే సన్నని గొంతు. మొదటి మాటకే గాలి తప్ప ఏమీ రాలేదు. నవ్వి ఊరుకుంది. నేను ప్రయత్నించలేదు.

నీళ్ళు ఉన్నచోట చెల్లెలు కాటుక పెన్సిలుతో చుక్కలు పెట్టింది. గిన్నె వొంపి, తుడిచి, పేర్లు కొట్టే మెషీను తీశాను. కంచు పెళుసు, గట్టిగా ఆనిస్తే పగులు రావచ్చు. వస్తే గిన్నె ఇక మోగదు. చెయ్యి తేలిగ్గా పెట్టి, చుక్క పక్కన చుక్కగా లోపల చుట్టూ గీత కొట్టాను. చెల్లెలు ఊపిరి బిగబట్టి చూసింది.

"పేరు కొట్టవా?" అంది.

"ఇది చాలు," అన్నాను.

గీత దాకా మళ్ళీ నీళ్ళు పోసి వేలి కణుపుతో కొట్టాను. పగలలేదు. చెల్లెలు టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. నేను గిటార్ ఒళ్ళోకి తీసుకుని, చివరి రోజుల్లో పాట మొదలుపెట్టే ముందు ఆమె గొంతు సవరించుకోవడానికి ఎంతసేపు పట్టేదో అంతసేపు ఆగి, వాయించాను. మూత మోగుతూనే ఉంది. గుడ్డ తిరిగి పెట్టలేదు.