ఇప్పుడే తిన్ననక్క

జనగామ హాస్టల్లో నా గదిలోనే పెద్దవంగర దగ్గరి తండా అమ్మాయి ఉండేది. భోజనానికి పిలిస్తే "ఇప్పుడే తిన్ననక్క" అంటూ వరండాలో అటూ ఇటూ నడిచేది. నిజంగా తిన్న రోజు బాత్రూంలో కక్కుకునేది. ఒకనాడు మెట్ల మీద కళ్లు తిరిగి పడిపోయింది.

భయపడి దవాఖానకు తీసుకుపోయాను. చీటీ వరుసలోంచి ఆమె రెండుసార్లు వెళ్లిపోతే గేటు దాకా పరుగెత్తి పట్టుకొచ్చాను. డాక్టరమ్మ "ఏమైంది బిడ్డా?" అని అడిగితే నేనే చెప్పబోయాను. ఆ అమ్మాయి నా చేయి పట్టుకుని ఆపింది.

"తింటలేను మేడం. తిన్నా కావాల్నని కక్కుకుంటున్న. లావైతనని భయం. ఆపుదామంటే నాతోని అయితలేదు."

ఏడాదిపాటు చికిత్సకు వెళ్లాం. నయమైనట్టే అయి మళ్లీ మొదటికొచ్చేది. ఇప్పటికీ ఫోన్ చేస్తే బాగున్ననని చెప్పదు. "ఈ వారం జర నయమక్క" అంటుంది. ఆ మాటను నేను నమ్ముతాను.