నాలుగో బెడ్ మాత్రలు

నేను దొంగతనం చేయలేదు. ఒక్క అబద్ధం ఆడాను. అది ఇన్నేళ్లుగా నా గుండెల మీద కూర్చుని ఉంది. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరు నన్నెరగరు కాబట్టి మీతో చెప్పడం తేలికనుకున్నాను. తేలికేమీ కాదు.

ఐర్లండ్‌లో ఎటు చూసినా క్రేన్లు, కొత్త ఇళ్లు లేస్తున్న రోజులవి. నర్సులు చాలక మన దేశం నుంచి పిలిపించుకునేవారు. గుంటూరు నుంచి నేనూ, నాకంటే నాలుగేళ్లు చిన్నదైన విజయా ఒకే ఆసుపత్రికి వచ్చాం, ఒకే ఇంట్లో ఉన్నాం. ఆరు వారాలు వార్డులో మా పని చూసి వార్డు హెడ్ నర్సు, అక్కడి మాటలో సిస్టర్, సంతకం పెడితేనే నర్సుగా లైసెన్సు. లేకపోతే ఇండియాకే. తిరిగి వెళ్లేది లేదని నేను ఒట్టు పెట్టుకున్నాను.

మా ఊరి ఆసుపత్రిలో మంచం నంబరే మనిషి పేరు. ఇక్కడ మాత్ర ఇచ్చే ముందు ప్రతిసారీ పేరు, పుట్టిన తేదీ అడగాలి, చేతికున్న పేరు పట్టీ చూడాలి. నాకు ఎంతకీ అలవాటు కాలేదు. సాయంత్రాలు విజయ రోగిలా సోఫాలో పడుకుని నాచేత సాధన చేయించేది. "నా పేరు బ్రిజెట్, పుట్టిన తేదీ మా అమ్మనడుగు" అని నవ్వించేది.

అయిదో వారంలో ఒకరోజు, మాతో ఉండాల్సిన నర్సు ఫోనొచ్చి వెళ్తూ తను వచ్చేదాకా ఆగమంది. ఎవరికే మాత్రో రాసుండే చార్టు విజయ చేతిలో ఉంది. నేను ఆగలేదు. చురుకుతనం చూపించాలనుకున్నాను. విజయ ఇటు తిరిగేసరికే నాలుగో బెడ్ పెద్దాయనచేత బీపీ మాత్రలు మింగించేశాను. పేరు అడగలేదు. కిటికీ పక్కన కావాలని ఆయన పొద్దున్నే పక్కాయనతో మంచం మార్చుకున్నాడట. ఆ మాత్రలు పక్కాయనవి. గంటలో పెద్దాయనకు బీపీ పడిపోయి కళ్లు తిరిగాయి. సాయంత్రానికి "అయామ్ గ్రాండ్", బాగానే ఉన్నానంటూ టీ తాగాడు గానీ, మాత్రలు ఎవరిచ్చారంటే "ఇండియన్ అమ్మాయి" అన్నాడు. ఇద్దరమూ ఇండియన్ అమ్మాయిలమే.

సిస్టర్ గది బయట విజయ నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, ఏం చెబుదాం?"

"ముందు నేనెళ్లి జరిగింది చెప్తా. నువ్వేం మాట్లాడమాకు."

"సరే అక్కా. భయపడమాకు."

లోపలికెళ్లి, ఆ సమయంలో నేను వార్డు ఆ చివర ఉన్నానన్నాను. చార్టు ఎవరి దగ్గరుందని సిస్టర్ అడిగింది. విజయ దగ్గర అన్నాను. ఆ తర్వాత విజయను పిలిచారు. నాకిచ్చిన మాట కోసం తను నోరు విప్పలేదు. తప్పు తనదే అనుకున్నారు. నాకు సంతకం దొరికింది. విజయ తిరిగి గుంటూరు వెళ్లిపోయింది. పెట్టె సర్దుకుని, బయల్దేరేటప్పుడు ఇంటి తాళంచెవి నా చేతిలో పెట్టింది. తిట్టినా బాగుండేది.

గదిలో అడుగు పెట్టేదాకా నిజమే చెప్పాలనుకున్నానా, లేక తనను మాట్లాడవద్దన్నప్పుడే నా మనసులో ఆ దారి సిద్ధంగా ఉందా? ఎన్నిసార్లు తవ్వుకున్నా రెండోదే అనిపిస్తుంది. సిగ్గుగా ఉంది.

ఇప్పుడు కొత్తవాళ్లకు సంతకం పెట్టేది నేనే. మొన్న వాళ్లలో ఒకమ్మాయి నా ముందు నిలబడి, ఒక మందు తారుమారైన తప్పు తనదేనని చెప్పింది. ఇక దాచకూడదని ఆరోజే తేల్చుకున్నాను. లైసెన్సు ఇచ్చేవాళ్లకొకటి, విజయకొకటి ఉత్తరాలు రాసి పోస్టు చేశాను. నా ఉద్యోగం పోతే పోనీ. క్షమించమని విజయను అడగలేదు, ఆ హక్కు నాకు లేదు. రెండు ఉత్తరాల్లోనూ మొదటి వాక్యం ఒకటే. ఆ మాత్రలు ఇచ్చింది విజయ కాదు, నేను.