బురదయ్య సీసాలు

బురదయ్య దృష్టిలో మనుషులు రెండే రకాలు: సముద్రం వైపు వెళ్లేవాళ్లు, వెళ్లనివాళ్లు. మొదటి రకం కనిపిస్తే చేతిలో ఓ సీసా, ఓ స్పూనూ పెట్టి, "వచ్చేటప్పుడు కాస్త బురద పట్టుకురండి" అనేవాడు. రెండో రకం కనిపిస్తే వాళ్లని మొదటి రకంలో కలపడానికి నానా తంటాలూ పడేవాడు. ఓసారి బీమా అంటగట్టడానికి ఏజెంటొకాయన ఇంటికొచ్చాడు. పాపం, ఆయన అమ్మాల్సింది అమ్మనే లేదు. సీసా పుచ్చుకుని వెళ్లినవాడు మళ్లీ ఆ వీధిలో కనిపించలేదు.

ఆ పేరు పెట్టింది వదిన, ఆయన సొంత అన్న భార్య. అందరిదీ ఒకే ఇల్లు, ఒకే ఫ్రిజ్. గొడవంతా ఆ ఫ్రిజ్ దగ్గరే.

"జామ్ ఉప్పగా ఉందేమిటే?" అన్నాడు అన్నగారు ఓ పొద్దున, రొట్టె నములుతూ.

వదిన సీసా చూసి నెత్తి కొట్టుకుంది. మరిది పరుగెత్తుకొచ్చాడు.

"ఎంత తిన్నావన్నయ్యా? నాకేమైనా మిగిల్చావా?"

"అసలేముందయ్యా ఆ బురదలో?" అని అరిచింది వదిన.

"కంటికి కనపడని జీవులు వదినా. పారిపోదామంటే కాళ్లు లేవు, కరుద్దామంటే పళ్లు లేవు. అందుకని పక్కవాడి మీద విషం చిమ్మి బతుకుతాయి. ఆ విషాల్లో ఒక్కటైనా క్యాన్సర్ కణాన్ని చంపకపోతుందా అని మా ల్యాబులో వెతుకుతున్నాం."

"విషం చిమ్మేవాళ్ల కోసం సముద్రం దాకా ఎందుకు? మీ పెద్దమ్మని సీసాలో పెట్టు."

ఏడాది తిరక్కుండా వదినకి ఆ జబ్బే వచ్చింది. కీమో ఆరు డోసులన్నారు. మూడో డోసు తర్వాత ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుని, "ఇక చాలు. మిగతా మూడూ నాకొద్దు" అనేసింది. డాక్టరు చెప్పి చూశాడు. భర్త బతిమాలి చూశాడు. గోడ కదిలినా ఆవిడ కదిలేలా లేదు.

అప్పుడు మరిది వచ్చాడు, చేతిలో సీసా, స్పూనుతో.

"వదినా, చిన్న సాయం. రోజూ పొద్దున్నే ఒడ్డుకెళ్లి ఓ స్పూను బురద తేవాలి."

"నీకు మతుందా? నేనిక్కడ చస్తుంటే!"

"ఇంట్లో ఖాళీగా ఉన్నది నువ్వే మరి. ఒకే చెయ్యి, ఒకే స్పూను, రోజూ తీయాలి. మధ్యలో ఆగితే లెక్క మొదటికొస్తుంది. డాక్టరునడిగాను, గ్లవుజులుంటే వెళ్లొచ్చన్నాడు."

"దీన్లోంచి నాకు మందొస్తుందా?"

ఆయన అబద్ధమాడలేదు. "నీకు రాదు. వస్తే గిస్తే ఇరవై ఏళ్లకొస్తుంది."

"అప్పటిదాకా నేనుండాలా?"

"మరి? బురద ఎవరు తెచ్చారంటే ఎవర్ని చూపించను?"

ఆ స్పూను ఆయన మీదికి విసరడానికి వదిన మంచం మీద లేచి కూచుంది. వారం రోజుల్లో అదే మొదటిసారి.

మర్నాటి నుంచి భర్త చెయ్యి పట్టుకుని బయల్దేరింది. తెచ్చిన ప్రతి సీసాకీ మరిది వంక పెట్టేవాడు. "పలచగా ఉంది, పడవల దాకా వెళ్లు." పడవల దాకా వెళ్తే, "ఇసకెక్కువైంది, దీపస్తంభం దాకా వెళ్లు." ఓపిక లేని రోజున వదిన గుట్టుచప్పుడు కాకుండా గేటు పక్క తోటమట్టే నీళ్లలో కలిపి ఇచ్చేది. దాన్నీ ఆయన వెలుగులో తిప్పి చూసి, "అబ్బ, మంచి సరుకు!" అనేవాడు. ఎంత చదివితే ఏం, వట్టి అమాయకుడని వదిన లోలోపల నవ్వుకునేది. లెక్క ఆగకూడదు కాబట్టి తనూ ఆగలేదు. మిగతా మూడు డోసులూ తిట్టుకుంటూనే వేయించుకుంది.

ఆరేళ్లు గడిచాయి. వదిన గుండ్రాయిలా ఉంది. పోయిన నెల బురదయ్యే, చెప్పాపెట్టకుండా, నిద్రలో వెళ్లిపోయాడు.

ల్యాబు వాళ్లు కబురు చేస్తే ఆయన సామాను తీసుకోవడానికి వదిన వెళ్లింది. అక్కడ పనిచేసే అమ్మాయి డీప్ ఫ్రీజర్ తెరిచి చూపించింది. ఓ అర నిండా సీసాలు.

"వీటిని సార్ ఒక్కసారీ పరీక్షించలేదండీ. ఆ ఒడ్డంతా మేం అంతకు ముందే వెతికేశాం. అందులో ఏమీ లేదు."

"ఏమీ లేదా? ఎండలో, గాలిలో నాచేత మోయించిందంతా..." అంటూ వదిన ఓ సీసా తీసి తుడిచింది. చోటు, లోతు రాయాల్సిన చీటీ మీద మరిది దస్తూరీ.

"గేటు దాకా. ఇది తోటమట్టి. పరవాలేదు, గేటు దాకా వచ్చింది."

ఇంకోటి: "పడవల దాకా. రెండుసార్లు కూచుంది. ఇంటికొచ్చి సగం రొట్టె తింది."

చిట్టచివరిది: "దీపస్తంభం దాటింది. తిరిగొచ్చి నన్ను గంటసేపు తిట్టింది. ఒక్కసారి కూడా ఆయాసపడలేదు."

"పారేయమంటారా అండీ?" అని అడిగింది ఆ అమ్మాయి.

"పారేస్తే ఊరుకుంటానా? దొంగ బురదయ్య! తోటమట్టని తెలిసీ మంచి సరుకంటాడా? ఆ నటన చూడు, ఆ వంకలు చూడు..."

సీసాలన్నీ సంచీలో సర్దేదాకా, మెట్లు దిగి వీధి చివర మలుపు తిరిగేదాకా వదిన తిడుతూనే ఉంది. ఒక్కసారి కూడా ఆయాసపడలేదు.