సీసాలో కలిసిన ఎర్రధూళి

దగ్గరగా జరిగి కూర్చోండి. గట్టిగా చెప్పలేను. ఇన్నేళ్లూ గుండెలో మోసిన మాట ఇది. పక్కింటికి వినబడుతుందేమోనని ఇప్పటికీ గొంతు దిగిపోతుంది.

డెబ్బైల చివర్లో జాలరిపేట నుంచి నడిచి వెళ్లి ఒక కాలేజీ ల్యాబు తుడిచేదాన్ని. రోజుకూలీ. పర్మనెంటు చేస్తామన్నారు, ఆ ఆశ మీదే ఇల్లు నడిచేది. అక్కడ సుగుణమ్మ అని పరిశోధన చేసే అమ్మాయి ఉండేది. ఆకుపచ్చ పొడి ఒకటి తయారుచేసి చిన్న సీసాలో దాచుకుంది. అందులో కంటికి కనపడని అయస్కాంతాలుంటాయట. మామూలు వాటిలో అయితే, చలికి నెయ్యి పేరుకున్నట్టు, అవన్నీ ఒక వరసలో బిగుసుకుంటాయట. ఈ పొడిలో మాత్రం మూడేసి ఒకచోట చేరతాయి. ప్రతిదీ మిగతా రెండింటికీ పెడమొహం పెట్టాలని చూస్తుంది. ముగ్గురికీ ఎలా కుదురుతుంది? అందుకే ఎంత చలిలోనూ బిగుసుకోవని ఆమె పట్టు. "అయితే మా ఇంట్లో తోడికోడళ్లేనమ్మా!" అంటే పడీపడీ నవ్వింది.

ఆ రోజుల్లో పోర్టు వైపు నుంచి గాలి వీస్తే, అక్కడ ఓడల్లో నింపే ఇనుపరాయి ధూళి ఊరంతా పడేది. ఆరేసిన బట్టలు ఎర్రబడేవి. పొద్దున్నే బల్లలు తుడవడమే నా మొదటి పని. ఒకరోజు బల్ల తుడవకముందే పైఅర దులిపాను. సీసా పడింది. మూత ఊడింది. పొడి బల్లమీద ఒలికింది. ఇంట్లో పిండి ఒలికితే ఏం చేస్తాం? అరచేత్తో దగ్గరకు తీసి డబ్బాలో పోస్తాం. నేనూ అదే చేశాను. ఎర్రధూళి నాకు కనపడలేదా? కనపడింది. ఊదాను కూడా. పోయిందనుకున్నానా, పోయిందని అనుకోవాలనుకున్నానా?

తరవాత ఆమె పొగలు కక్కే చల్లటి ద్రవం పోసి ఆ పొడిని పరీక్షించింది. కాస్త చలి పట్టేసరికే మిషను ముల్లు ఎగిరింది, అంటే లోపలివి బిగుసుకున్నట్టే. ఆమె మొహం పాలిపోయింది. నన్ను అక్కను పిలిచినట్టు అప్పా అనే పిలిచేది.

"అప్పా, ఇనప నలుసు కలిసినా ఇలాగే వస్తాది. నా సీసా ఎవరైనా ముట్టేరా?"

"ఏటమ్మా అలగంటారు? నాను ముట్టలేదు."

"నువ్వు కాదంటే కాదులే. మరైతే నా లెక్కే తప్పు."

అంత నమ్మింది. అన్ని అయస్కాంతాల్లాంటిదే ఇదీ, వదిలెయ్యమన్నారు పైవాళ్లు. వదిలేసింది. మిగిలిన పొడి పారబొయ్యమని నా చేతికే ఇచ్చింది. చెప్పడానికి అదే ఆఖరి అదను. నేను తూములో పోసి నీళ్లు వదిలాను. ఆమె పెందుర్తిలో బడిపిల్లలకు పాఠాలు చెప్పుకోవడానికి వెళ్లిపోయింది. నాకు పర్మనెంటయింది.

ధూళి కలవకపోయినా ముల్లు ఎగిరేదేమో. అలా అనుకుని ఎన్నోసార్లు ఊరట తెచ్చుకోబోయాను. కానీ ఆ సంగతి ఆమెకు ఎన్నటికీ తెలియకుండా చేసింది నేనే కదా?

ఆమె ఇప్పుడెక్కడుందో తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడిగితే ఏం లాభం, సీసా మీది కాదు. ఆ రోజు అడిగినదానికి జవాబు మాత్రం ఇదిగో. ముట్టానమ్మా. నేనే ముట్టాను.

హమ్మయ్య, నోరు దాటింది.

మీ ఇల్లు పదికాలాలు చల్లగా ఉండాలి. మీ ఇంట ఎవరి చేతిలో ఏది ఒలికినా, ఒలికిందని ఆ పూటే చెప్పగలిగే నోరు వాళ్లకుండాలి.