పట్టాభిరామన్ సారు ‘ఇంకోసారి’

లాస్‌పేటలో బొమ్మలకు నడక నేర్పే పట్టాభిరామన్ సారు కళ్ళముందు ఎవరూ కదలకూడదు. కదిలారా, చేసిన పనే మళ్ళీ చేయిస్తాడు. టీ పోసేవాణ్ణి మళ్ళీ పోయమంటాడు. బస్సెక్కినవాణ్ణి దిగి ఎక్కమంటాడు. ఒకసారి మెట్ల మీద ఒకాయన జారిపడితే పరిగెత్తుకెళ్ళి లేవదీశాడు, దుమ్ము దులిపాడు, ఆపైన ఎంతో మర్యాదగా, "ఏమీ అనుకోకపోతే... ఇంకోసారి?" అన్నాడు.

ఆయన దగ్గర యానిమేషన్ నేర్చుకునే జయప్రియ ఆ మాట వింటే గోళ్ళు కొరుక్కునేది. శుక్రవారం ఆమె పని చెన్నై స్టూడియోకు చేరాలి. అందులో ఉన్నది ఒకే దృశ్యం: ముసలావిడ కుర్చీలోంచి లేవడం. కుదిరితే ఉద్యోగం. లేదంటే తట్టాంచావడిలో మామయ్య బకెట్ల ఫ్యాక్టరీ.

"ఇది అవ్వనా, గాలిబుడగనా? పైకి తేలిపోతా ఉండాది!" అన్నాడు సారు తెర చూసి. "బరువు యాడమ్మా? పాదాలు వెనక్కి లాక్కోవాల, ముందుకు వంగాల, అప్పుడు గదా లేచేది! మీ ఇంట్లో అవ్వను చూసి రా."

ఇంట్లో అవ్వ కాళియమ్మ ఉంది గానీ, లేవదు. వానల్లో వాకిట్లో జారిపడింది. ఎముక అతికింది, భయం మాత్రం వదల్లేదు. రోజూ లేచి కూర్చోమన్న డాక్టర్ని, "మళ్ళా పడితే నువ్వొచ్చి పట్టుకుంటావా?" అని అడిగింది. వ్యాయామం చేయించడానికి వచ్చిన పిల్లను చేతికర్రతో తరిమింది.

"నీకోసం కాదవ్వా, నా ఉద్యోగానికి," అని బతిమాలింది జయప్రియ.

"నేను లేస్తే నీకు ఉద్యోగమా? ఏం కంపెనీనే అది!" అంటూనే అవ్వ గోడ పట్టుకుని, వణుకుతూ లేచింది. జయప్రియ ఫోన్లో తీసింది.

సారు ఆ వీడియోను చాలాసేపు చూశాడు. జయప్రియ దిద్దిన బొమ్మనూ చూశాడు. "మనిషి ఆగినా కొంగు ఆగదమ్మా. ఇంకోసారి తీసుకోనిరా."

మర్నాడు కొంగు ఊగింది. "అంతా ఒకటే వేగమా? మెల్లగా మొదలై, నడుమ గబుక్కుమని, మళ్ళా మెల్లగా. ఇంకోసారి." ఆ తర్వాత మోకాలి మీద చెయ్యి బాగాలేదన్నాడు. ఆఖరికి ముక్కుపుడక మెరవలేదన్నాడు.

"ముక్కుపుడకా!" అవ్వ మండిపడింది. "ఆ సారుకు కండ్లు లేవా? తియ్యవే, చూపిస్తా!" అని గోడను మరిచే లేచింది. ఫోను పట్టుకున్న జయప్రియకు మాత్రం బకెట్లే కనబడుతున్నాయి. అన్నం సహించడం లేదు.

శుక్రవారం పొద్దున గుండె చిక్కబట్టుకుని వెళ్ళింది. "సార్, ఇంక టైము లేదు. ఇప్పటికైనా బాగుండాదా?"

సారు తల గోక్కున్నాడు. "కొంగు సరిగ్గా కుదిరిన రోజే పంపేసినానమ్మా. వాళ్ళకు నచ్చింది. సోమవారం రమ్మన్నారు."

జయప్రియ కుర్చీలో కూలబడింది. "మరి ముక్కుపుడక?"

"మొదటి వీడియోలో అవ్వ గోడ పట్టుకోనుండాది. నిన్నటిదాంట్లో గోడ యాడ?"

"నా గోళ్ళు చూడండి సార్! ఒక్కటీ మిగల్లేదు!"

"నీకు చెప్తే అవ్వకు చెప్పేస్తావని..." అన్నాడు సారు నేల చూస్తూ.

సాయంత్రం క్షమాపణ చెప్పుకోవడానికి ఇంటికొచ్చాడు. కాఫీ తాగి, ఇక వెళ్తానని లేచాడు. గుమ్మం దగ్గర, చేతికర్రను చంకన పెట్టుకుని నిలబడి ఉన్న అవ్వ ఆయన్ను ఎగాదిగా చూసింది.

"యాడికి? ముందుకు వంగకుండానే లేచేస్తివే. కూచో నాయనా. ఇంకోసారి."